గంధం నూనెకు ముత్తయిదువ చెయ్యి

కరోనా సద్దుమణిగి, ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మొదలైన ఏడాది అది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద ఒకచోట లోపలికి తిరిగితే రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. ఒకదాంట్లో అట్టపెట్టెలు చేస్తారు, ఒకదాంట్లో కోళ్ల దాణా కలుపుతారు. మూడోది మాది. గంధం చెక్క నుంచి నూనె తీసే యూనిట్. అప్పటికి నేను అక్కడ చేరి చాలా ఏళ్లయింది. చేరినప్పుడు నా భర్త మల్లేశం బతికే ఉన్నాడు. ఈ సంగతి జరిగేనాటికి లేడు.

నాకు చదువు రాదు. నా పేరు బాలమణి అని రాయగలను, బస్సు బోర్డు చదవగలను, అంతే. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. మాటలు కాస్త సాపు చేస్తానంది. మాటలు సాపు చెయ్యి గాని కోపం సాపు చెయ్యకు అన్నాను.

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. గంధం చెట్టంతా వాసన ఉండదు. పైన తెల్లటి చెక్క ఉత్తదే. లోపలి చేవలోనే నూనె ఉంటుంది. సర్కారు వేలంలో కాగితాలతో కొన్న చేవ దుంగలు మాకు లారీలో వస్తాయి. మిషన్ వాటిని ముందు చిప్స్, అంటే పెచ్చులు చేస్తుంది, తరవాత పొడి చేస్తుంది. ఆ పొడిని నానబెట్టి డేగ్‌లోకి ఎక్కించడం నా పని. ఇంజినీర్లు దానికి వేరే పేరు చెబుతారు గాని మేం డేగ్ అనే అంటాం, పెళ్లిలో బిర్యానీ వండే గిన్నెను అన్నట్టు. మనిషి దిగి నిలబడేంత పెద్దది. పక్కనున్న బాయిలర్ నుంచి ఆవిరి వచ్చి డేగ్ అడుగున దూరుతుంది. పొడిలోంచి నూనెను పట్టుకొని పైకి లేస్తుంది. అక్కడి నుంచి కండెన్సర్‌లోకి పోతుంది. చల్లనీళ్లలో మునిగిన చుట్టల గొట్టం అది. అందులో ఆవిరి చల్లబడి నీళ్లూ నూనే కలిసి రిసీవర్ అనే పాత్రలోకి చుక్కలు చుక్కలుగా దిగుతాయి. నీళ్ల మీద నూనె పలచటి మీగడలా తేలుతుంది. అదే గంధం నూనె.

గంధానికి తొందర లేదు. నిమ్మగడ్డి ఒక పూటలో తన వాసనంతా ఇచ్చేస్తుంది. గంధం రోజుల తరబడి ఉడికితే గాని ఇవ్వదు, అసలు బరువైన వాసన చివర్లోనే దిగుతుంది. అందుకే డేగ్ దగ్గర మనిషి ఓపిగ్గా ఉండాలి. నూనె పోయాక మిగిలే పిప్పిని అగరుబత్తీల వాళ్లు తీసుకెళ్తారు.

నేనుండేది జవహర్‌నగర్‌లో. అక్కడి వాసన సంగతి నేను చెప్పనక్కర్లేదు, నగరం మొత్తం పారేసిన చెత్త మా నెత్తిన పడుతుంది. గాలి ఇటు తిరిగిందంటే అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేం. అట్లాంటి చోటికి నేను రోజూ సాయంత్రం గంధం వాసనతో దిగేదాన్ని. ఎంత సబ్బు రుద్దినా పోదు, చర్మంలోకి దిగిపోతుంది. మల్లేశం ఎగతాళి చేసేవాడు. "నువ్వు కలిపిన అన్నం తింటుంటె నన్నెవలో గుళ్లె దేవున్ని చేసి కూసోబెట్టినట్టుంటది" అనేవాడు. సెంట్రింగు పని చేసి ఇనుము వాసనతో వచ్చేవాడు పాపం. ఒకరోజు పని మీదే గుండె ఆగిపోయింది.

కర్మ రోజు మా వాళ్లు నాకు చివరిసారి పసుపు, గంధం పూసి, ఇంత బొట్టు పెట్టి, గాజులు తొడిగి, మళ్లీ అన్నీ తీసేశారు. పదిమంది ఆడవాళ్లు నా నెత్తిన నీళ్లు పోశారు. ఆ రోజు పూసింది కూడా నిజం గంధం కాదు, రంగు కలిపిన పొడి, ముక్కు దగ్గర పెడితే నాకు తెలిసింది. అది నీళ్లకు కొట్టుకుపోయింది. నా చేతుల్లో ఉన్న అసలు వాసన మాత్రం అట్లాగే ఉంది. అది ఎవరూ కడగలేకపోయారు. మా మేనత్త ముక్కు చిట్లించి, "మొగడు వోయినదానికి గీ వాసన ఏందే, పని మానెయ్యరాదూ" అంది. బువ్వ నువ్వు పెడతావా అని అడిగాను.

ఇక అసలు సంగతి.

బౌరంపేట్ వైపు గేటు పెట్టి కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్లున్నాయి కదా, అక్కడి నుంచి ఒక మేడం వచ్చింది. కూతురి పెళ్లి. పేరంటాళ్ల మెడకు పూసే గంధంలో అసలైన నూనె కలపాలట, వచ్చినవాళ్లకు చిన్న చిన్న సీసాల్లో పోసి ఇవ్వాలట. బజారులో అన్నీ కల్తీ కాబట్టి తన కళ్ల ముందే డేగ్ ఎక్కించాలంది. మా మేనేజర్ శేఖర్ సారు పొంగిపోయాడు. ఆయన నాకంటే చిన్నవాడు. పని ఉంటే బాలమణక్కా అంటాడు, కోపమొస్తే బాలమణీ అంటాడు. ఆ రోజు పొద్దున్నుంచీ అక్కే.

మేడం వచ్చేసరికి నేను పొడి ఎక్కిస్తున్నాను. మూతికి మాస్కు, నెత్తికి కనుబొమ్మల దాకా గుడ్డ. పొడి కళ్లలో పడకుండా అందరం అట్లాగే కట్టుకుంటాం. కళ్లు తప్ప మొహం కనపడదు. ఆమె మంచిగానే మాట్లాడింది, అబద్ధమెందుకు చెప్పాలి. పొడి చేతిలోకి తీసుకుంది. నా చెయ్యి పట్టుకొని వాసన చూసింది.

"ఎంత అదృష్టవంతురాలివమ్మా! రోజంతా గంధంలోనే. నీ చేతులు చూడు, ఎంత బావున్నాయో. మా అమ్మాయి పెళ్లికి నువ్వే వచ్చి అందరికీ పూయాలి."

"పిలిస్తె అస్త మేడం" అన్నాను.

"మీ ఆయన కూడా ఇక్కడేనా?"

"లేడు మేడం. పోయిండు."

"ఊరికా?"

"సచ్చిపోయిండు."

నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వదిలేసింది. వదలడం కూడా కాదు, వేడి గిన్నె తగిలినట్టు లాక్కుంది. పర్సులోంచి కాగితం గుడ్డ తీసి వేళ్లు తుడుచుకుంది. గంధం పొడి తుడుచుకుంది చూడండి! కొనడానికి వచ్చింది అదే, తుడుచుకున్నదీ అదే. తరవాత శేఖర్ సారును కారు దాకా తీసుకెళ్లి మాట్లాడింది. శుభకార్యం అన్న మాట ఒక్కటే నాకు రెండు మూడుసార్లు వినపడింది.

కారు పోయాక ఆయన వచ్చాడు. అక్క పోయింది.

"బాలమణీ, గట్లెందుకు చెప్పినవ్?"

"అడిగింది, చెప్పిన."

"ఉన్నడు అంటె ఏం పోతుండె? ఆమె వచ్చి నీ ఇంట్ల చూస్తదా?"

"సచ్చినోన్ని ఉన్నడని ఎట్లంట సారు? ఉన్నడంటె తెల్లారి కూలికి పంపాలె మల్ల."

బాయిలర్ దగ్గరున్న ఖాజా భాయ్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఆయన శామీర్‌పేట పక్క ఊరివాడు, బాయిలర్ పని ఆయనదే. శేఖర్ సారుకు నవ్వు రాలేదు. "వేరే బ్యాచ్ పెడుతమని చెప్పిన. ముత్తయిదువతోని తీపిస్తమన్న" అన్నాడు.

బ్యాచ్ అంటే ఒకసారి డేగ్ ఎక్కించి దించేదాకా అయ్యే పని. నిజంగా పొడి దించి వేరేది పెడతాడేమో అనుకున్నాను. ఆయనకు అంత పిచ్చి లేదు. మూత బిగించి ఆవిరి పెట్టమన్నాడు. అదే పొడి, అదే డేగ్, అవే నా చేతులు. నూనె ఇచ్చే రోజు మాత్రం సీసాలకు లేబుళ్లు అతికించే పద్మ ముందు నిలబడాలి. నేను వెనక పిప్పి షెడ్డులో ఉండాలి.

అంతటితో ఆగినా నేను ఇది రాయించేదాన్ని కాదు. మర్నాడు జేబులోంచి ఒక బొట్టుబిళ్లల పాకెట్టు, ఒక నల్లపూసల దండ తీసి రిసీవర్ పక్కన పెట్టాడు. మళ్లీ అక్క వచ్చింది.

"అక్కా, ఇగ ముందుకు గిట్ల కావొద్దు. పార్టీ వచ్చిన రోజు గివి పెట్టుకో. పోయినంక తీసెయ్."

మా దగ్గర పార్టీ అంటే సరుకు కొనేవాళ్లు. ఆ దండ వంక చూస్తూ నిలబడ్డాను.

"బొట్టంటె ఏంది అక్కా? యూనిఫాం అనుకో. గ్లౌజులు ఏసుకుంటలేవా? గట్లనే."

అప్పుడు నా నోరు తెరుచుకుంది. "సారూ, నా బొట్టు తుడిచిననాడు పదిమంది కూడిండ్రు. బిందెలకొద్ది నీల్లు వోసిండ్రు. వొద్దని ఏడిస్తె రెక్కలు వట్టుకున్నరు. మల్ల పెట్టాలంటె గా పదిమందిని పిలువు. ఆల్ల ముంగట పెట్టు, పెట్టుకుంట. నీ పార్టీ కోసం పెట్టుకొని, పార్టీ వోంగనె తీసెయ్యాలెనా? ఆల్లు ఒక్కసారి తీసిండ్రు. నువ్వు వారానికోసారి తీపిస్తవా?"

"గట్లయితె డేగ్ మీద వేరేటోల్లను పెడత. నువ్వు పిప్పి కాడికి పో."

చూడండి, ఆయన ఏం తీసుకుంటానన్నాడో. డేగ్ నా చోటు. చేరిన కొత్తలో పిప్పి ఎత్తాను, తరవాత పొడి జల్లెడ పట్టాను, ఏళ్లు గడిచాక డేగ్ మీదికి వచ్చాను. మల్లేశం పోయిన తరవాత ఈ భూమ్మీద ఇది నాది అనుకునేది అదొక్కటే ఉంది. దాని మీద నిలబడాలంటే నేను అబద్ధం మొహానికి అంటించుకోవాలి.

ఆ సాయంత్రం పద్మ నా పక్కన కూచుంది. నేను ఎత్తిపొడుస్తూనే మాట్లాడాను, ఏం దాచుకోవాలి.

"నీకేందే, ముత్తయిదువవు. నీ చెయ్యి శుభం."

"ఏం శుభమక్కా! గాయన మచ్చ బొల్లారంల ఇంకోదానితోని కాపురం పెట్టి ఎన్ని పండుగలాయె? నీ మొగడు సచ్చిపోయినా ఇంట్ల ఫోటోల ఉన్నడు. నావోడు బతికుండి ఫోటోల గుడ లేడు, చింపేసిన."

నా ఎత్తిపొడుపు నాకే తగిలింది. ఖాజా భాయ్ బాయిలర్ దగ్గరి నుంచే అన్నాడు. "మా దర్గాల సందల్ తీస్తరు గద అక్కా. గిన్నెలు నెత్తిన వెట్టుకొని, బాజాలతోని గంధం తీస్కపోయి మజార్‌కు, గదే బాబా సమాధికి పూస్తరు. గా గంధం నూరినామె మొగడు ఉన్నడా లేడా అని ఇంతవరకు ఎవలు అడుగంగ నేను ఇనలే."

"మీ దిక్కు నూరినోల్ల పేరు చెప్పుతరా మరి?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "అదీ చెప్పరు" అన్నాడు. నిజం మాట్లాడే మనిషి.

మేడం నూనె కోసం వచ్చిన రోజు పద్మకు పట్టులాంటి చీర కట్టించారు. చేతినిండా పచ్చ గాజులు, రూపాయంత బొట్టు. రిసీవర్ దగ్గర బొమ్మలా నిలబెట్టారు. నన్ను పిప్పి షెడ్డులోకి పంపారు. మధ్య గోడ రేకు గోడే. అన్నీ వినపడతాయి, రేకు సందులోంచి సగం కనపడతాయి కూడా.

పద్మ సీసా మూత తీసి ఇచ్చింది. మేడం వాసన చూసి కళ్లు మూసుకుంది.

"ఆహా! ఇదండీ శుభకార్యపు వాసన. మొన్న వచ్చినప్పుడు షెడ్డులో ఏదో నీచు వాసన తగిలింది. చెబితే మీరు బాధపడతారని ఊరుకున్నాను. చెయ్యి మారితే ఎంత తేడా!"

అదే నూనె. నేను ఎక్కించిన పొడి, నేను కాపలా కాసిన డేగ్, పొద్దున నేనే నీళ్ల నుంచి వేరుచేసి సీసాలో పోసిన నూనె. మొన్న నా చెయ్యి పట్టుకొని ఎంత బావుందో అన్న ముక్కే ఇప్పుడు నీచు వాసన అంటోంది. నా చేతిలోని పార కింద పెట్టేశాను.

"నీ పేరేంటమ్మా?" అంటోంది మేడం.

"పద్మ."

"చూశారా, లక్ష్మీదేవి పేరు! మీ ఆయన పేరేంటి?"

పద్మ తల వంచుకొని సీసా మూత బిగించసాగింది. శేఖర్ సారు దగ్గాడు. మేడం మళ్లీ అడిగింది. చివరికి పద్మ పళ్లు బిగించి చెప్పింది. "గా పేరు నా నోట్లెకెల్లి రాదు మేడం."

మేడం చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అబ్బబ్బ! చూడండి శేఖర్ గారూ, ఈ కాలంలో కూడా మొగుడి పేరు నోటితో పలకని ఇల్లాళ్లున్నారు. నాకు ఇట్లాంటి చెయ్యే కావాలి. అమ్మా పద్మా, ముందు నా మెడకు నువ్వే పూయి."

ఖాజా భాయ్ తువాలు నోట్లో కుక్కుకున్నాడు. నాకు కుక్కుకోవడానికి ఏమీ లేదు. నవ్వాను. నవ్వానంటే ఆనందంతో కాదు, కడుపులో మంట నవ్వయి బయటికి వచ్చింది. రేకుల షెడ్డంతా మోగింది.

"ఎవరది?" అంది మేడం.

ఇక దాక్కోవడం దేనికి? బయటికి వచ్చాను. మాస్కు లేదు, నెత్తికి గుడ్డ లేదు. మోచేతుల దాకా పిప్పి. ఉత్త నుదురు.

"నేను మేడం, బాలమణి. మొన్న నువ్వు చెయ్యి వట్టుకున్నది నాదే. గా నూనె నేనే తీసిన. వేరే బ్యాచ్ లేదు, వేరే చెయ్యి లేదు. గీ పిల్ల మొగని పేరు చెప్పకపోయింది సిగ్గుతోని కాదు, అసయ్యంతోని. ఇష్టమైతె తీస్కపో, లేకుంటె ఇడిచిపెట్టు. ముత్తయిదువ తీసిందని మాత్రం అనకు."

మేడం శేఖర్ సారు వైపు తిరిగింది. ఆయన ఏమన్నాడో వినండి. ఇన్నేళ్లు నా చేతి నూనె అమ్ముకున్న మనిషి, అక్కా అక్కా అన్న మనిషి.

"ఏమనుకోకండి మేడం. భర్త పోయినప్పటి నుంచి ఈమెకు మతి అటూ ఇటూ అయింది. పాపమని పనిలో ఉంచుకున్నాం."

"నిజమే మేడం, బాలమణక్క చెప్పింది నిజం. నేను లేబుల్లు అంటుపెట్టేదాన్ని" అంది పద్మ.

రెండు నోళ్లు చెప్పాయి. మేడం నా మొహం చూడలేదు, నా చేతులు చూసింది. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న పొడి చూసింది. ఆమెకు తెలిసిపోయింది. తెలిసినట్టు నాకూ తెలిసింది. కానీ పెళ్లి దగ్గరికొచ్చింది, నూనె బావుంది, వేరేచోట దొరకదు. అబద్ధమే ఆమెకు పనికొచ్చింది. "పాపం" అంది. ఆ ఒక్క మాట నా మీదికి విసిరి, సీసాల పెట్టె కారులో పెట్టించుకొని వెళ్లిపోయింది. నా చెయ్యి అశుభం, నా చేతి నూనె శుభం. బౌరంపేట్‌లో ఎంతమంది ముత్తయిదువల మెడలకు ఆ నూనె కలిపిన గంధం పూశారో నాకు తెలియదు. ఒక్కరికీ ఏ కీడూ జరగలేదనే అనుకుంటున్నాను, జరగకూడదు కూడా. ఆడపిల్ల పెళ్లి, ఆమె చల్లగా ఉండాలి. నా కోపం ఆ పిల్ల మీద కాదు.

నన్ను పిప్పి దగ్గరే ఉంచేశారు. తరవాతి బ్యాచ్‌కు డేగ్ మీదికి పద్మను ఎక్కమన్నారు. పద్మ నిచ్చెన దగ్గర నిలబడి, "బాలమణక్క జాగల నేనెక్క" అంది. పాత ఆడకూలీ ఒకామెను పిలిచారు. ఆమె బాయిలర్ వైపు చూసింది. ఖాజా భాయ్ తువాలు భుజాన వేసుకొని బయట స్టూలు మీద కూచున్నాడు.

"ఏందయ్య ఖాజా, ఆవిరి పెట్టవా?" అన్నాడు శేఖర్ సారు.

"మతి లేనామె తీసిన నూనె ఇన్నొద్దులు అమ్మినవ్ సారు. నాకు గుడ మతి పోయినట్టుంది ఇయ్యాల. బాయిలర్ గిట్ల పేల్తె బద్నాం నాకు."

అవతల అత్తరు వాళ్లు సరుకు కోసం ఎదురుచూస్తున్నారు. ఎండ నడినెత్తికి రాకముందే శేఖర్ సారు పిప్పి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "రా అక్కా, ఎక్కు" అన్నాడు. తప్పయిందని అనలేదు. నేను అడగలేదు. మతి లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకొమ్మన్నాను. అందరి ముందూ తీసుకున్నాడు, నేల చూస్తూ. బొట్టు సంగతి మాత్రం వదల్లేదు. "పార్టీ వచ్చినప్పుడన్నా జెర చూడు" అని గొణిగాడు.

"చూస్త" అన్నాను.

ఈ పని నాకు నేర్పింది ఇదీ అని చెప్పమంటే ఒకటే చెబుతాను. అడిగేదాకా ఆగకూడదు. అడిగినప్పుడు నిజం చెబితే తప్పు చేసి దొరికినట్టు ఉంటుంది. అందుకే ఇప్పుడు ఎవరు సరుకు చూడటానికి వచ్చినా నెత్తిగుడ్డ విప్పి ఎదురెళ్తాను. "నా పేరు బాలమణి. నా మొగడు మల్లేశం, సచ్చిపోయిండు. నూనె తీసేది నేను" అంటాను. కొందరు మొహం తిప్పుకొని పోయారు. చాలామంది సీసా అందుకుంటారు. ఒకాయన మాత్రం, మీ ఆయన బతికుంటే సంతోషపడేవాడమ్మా అన్నాడు. ఆ రోజు నాకు పని సాగలేదు.

ఇంకొకటి. డేగ్ ఎక్కించేటప్పుడు తడి పొడి వేలికి అంటుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట తుడుచుకోవాలి కదా. ఒక పొద్దున నుదుటి మీద తుడుచుకున్నాను. గుండ్రంగా, నిండుగా. అసలు గంధం, రంగు పొడి కాదు. అప్పటి నుంచి అదే అలవాటయింది. పద్మ చూసి నవ్వింది. జవహర్‌నగర్‌లో మా మేనత్త చూసి తలుపేసుకుంది. పార్టీ వస్తుందని తెలిసిన రోజు మాత్రం శుభ్రంగా కడుక్కొని ఉత్త నుదురుతో నిలబడతాను.

శేఖర్ సారుకు ఇది తికమక. మొన్న కూడా డేగ్ దగ్గరికి వచ్చి నా మొహం వంక చూసి ఆగిపోయాడు.

"ఇయ్యాల పార్టీ ఎవలు వస్తలేరు గద అక్కా, బొట్టెందుకు పెట్టుకున్నవ్?"

"ఎవలు వస్తలేరు గనకనే సారు" అన్నాను.